గంపోడి అయిదో భాగం

గంపోడి ఆటలన్నిటిలోకీ గొప్పది అయిదో భాగం అని మా మామ పదేళ్లపాటు చెప్పాడు. టమోటా మండీలో చెప్పాడు, బస్సులో చెప్పాడు, తన పెళ్లిలో పీటల మీద కూర్చుని, పురోహితుడు మంత్రాల మధ్య నీళ్లు తాగడానికి ఆగినప్పుడు వెనక్కి తిరిగి నాతో చెప్పాడు. నేను ప్రతిసారీ తలూపాను. చిక్కల్లా ఒక్కటే. అయిదో భాగం ఈ ప్రపంచంలో ఎక్కడా లేదు. నాలుగో తరగతి చదివేటప్పుడు, వేరే దారిలేక, నేనే దాన్ని నోటితో తయారుచేశాను. ఆ సంగతి మామకు ఎప్పుడు చెప్పాలి, చెబితే ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడతాడా అన్నదే నా చిన్నతనానికంతా ఉన్న ఒకే ఒక్క నిజమైన కష్టం. మిగతావన్నీ మామూలు లెక్కల పరీక్షలు.

మామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. నాకంటే పదేళ్లు పెద్ద. మదనపల్లె మండీలో వేలానికి వచ్చిన టమోటా గంపల మీద చాక్‌పీసుతో నంబర్లు వేయడం ఆయన పని. పొద్దున్నే మొదలుపెడితే పది గంటలకల్లా అయిపోయేది. ఆ తర్వాత మర్యాదస్తులు ఇంటికి పోతారు. మామ బస్టాండు వెనక సందులోని వీడియో గేమ్ అంగడికి పోయేవాడు. సెలవుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. ఆ అంగట్లో మీసాలున్నది ఇద్దరికే: అంగడాయనకు, మా మామకు. అంగడాయన కూర్చుని ఉంటాడు కాబట్టి ఆయనకు గౌరవం. మామ ఆడతాడు కాబట్టి ఆయనకు లేదు.

అంగడంటే రెండు టీవీలు, ఒక చెక్క బెంచీ, ఒక స్టెబిలైజరు. ఆ స్టెబిలైజరు మూలుగు ఆటలో వచ్చే సంగీతం కంటే గట్టిగా ఉండేది. క్యాసెట్టు పెట్టాక తెర మీద గీతలు వస్తే, తీసి, కింద నోరు పెట్టి ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. ఊదడం వల్ల ఏమీ కాదని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు. చెప్పినవాడు మా మామ ఊదడం చూడలేదు.

గంపోడి అసలు పేరు క్యాసెట్టు మీది కాగితంతో పాటు ఎప్పుడో ఊడిపోయింది. వాడొక చుక్కల మనిషి. ముఖమంతా కలిపి ఆరు చుక్కలు. వీపు మీద గోధుమరంగు చతురస్రం. ఎర్రటి గుండ్రాలు ఏరుకుంటూ కొండలు దూకుతూ కుడివైపుకు పోతుంటాడు. మేం మదనపల్లెలో పుట్టినవాళ్లం. వీపు మీద ఉన్నది గంప కాక ఇంకేమవుతుంది? ఎర్రటివి టమోటాలు కాక ఇంకేమవుతాయి? జపాన్‌లోనో ఎక్కడో కూర్చుని ఎవడో మన మండీ మీద ఆట తీశాడని అంగడి మొత్తం నమ్మింది. నమ్మనివాడికి బెంచీ మీద చోటు దొరికేది కాదు.

మొదటి భాగంలో గొప్ప సంగతి దూకుడు. ఒకసారి గాల్లోకి లేచాడంటే ఇక మనం చేసేదేమీ లేదు. బటన్ ఎంత నొక్కినా, ఒళ్లంతా పక్కకు వంచినా, వాడు మొదట ఎటు బయలుదేరాడో అటే పోయి పడతాడు. గుంట ఉంటే గుంటలో పడతాడు. లేచే ముందే ఆలోచించుకోవాలి. ఇంత న్యాయమైన ఆటను నేను ఇప్పటిదాకా మళ్లీ చూడలేదు. చివర్లో ఏముంటుందో మాత్రం మాలో ఎవరికీ తెలీదు. చివరిదాకా పోవాలంటే గంటన్నర ఆగకుండా ఆడాలి. మదనపల్లెలో గంటన్నర ఆగకుండా కరెంటు ఉండటం మా అనుభవంలో లేదు. అందుకని మొదటి భాగం ముగింపు అంటే మాకు నల్లటి తెర, అందరూ కలిసి అరిచే "అబ్బా". అది మంచి ముగింపే అని ఇప్పటికీ అంటాను.

ఒక వేసవిలో, సెలవులకు ముందు, కొత్త క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద గంపోడి బొమ్మ, పక్కన రెండు నిలువు గీతలు. అంగడాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేమప్పా, రెండు గీతలు గీసినారు?"

మామ చేతిలోకి తీసుకున్నాడు. రోజూ గంపల మీద నంబర్లు వేసే మనిషి. మండీలో పదకొండో లాటుకు ఆయన వేసేది సరిగ్గా అవే రెండు గీతలు.

"పదకొండు," అన్నాడు.

"మొన్నే కదప్పా ఒకటి వచ్చిండేది? పదకొండు యాడ నుంచి వచ్చె?"

"మనకు రాలేదు. బయట వచ్చుండాయి. మదనపల్లెకు ఏది తొందరగా వచ్చింది సెప్పు?"

అంగడాయన స్కెచ్ పెన్నుతో క్యాసెట్టు వెనక "గంపోడు 11" అని రాసి పెట్టాడు. ఆ రోజు నుంచి అది పదకొండో భాగం. మధ్యలో తొమ్మిది భాగాలు మాకు అందకుండా పోయాయన్న దిగులు అంగడి మీద పడింది. కొందరు ఆ దిగులుతో అన్నం మానేశారని చెప్పాలని ఉంది గానీ, ఎవరూ మానలేదు. సాయంత్రం బజ్జీలు కూడా తిన్నారు.

పదకొండో భాగం మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బ్రహ్మాండం. వెనక కొండలు కదలడం మొదలైంది అందులోనే. దగ్గర చెట్లు గబగబా వెనక్కి పోతుంటే దూరం కొండ నింపాదిగా జరుగుతుంది. బి.కొత్తకోట బస్సులో కిటికీ పక్క కూర్చుంటే హార్స్‌లీ కొండ ఎట్లా జరుగుతుందో అట్లా. మేమంతా ఆడటం ఆపి వాడిని ఊరికే ముందుకు నడిపించి కొండను చూశాం. గంప మీద అల్లిక గళ్లు కూడా కనిపించాయి. అది గంపే అని రుజువైపోయింది. టమోటాలకు పచ్చటి తొడిమలు వచ్చాయి.

లోపం ఒక్కటే. గాల్లోకి లేచాక కూడా వాడిని పక్కకు తిప్పొచ్చు. అందరూ అది మంచిదన్నారు. మామకు నచ్చలేదు.

"లేచినంక మనసు మార్చుకునేదేమిరా? వేలంలో పాట పాడి, పాడలేదు అన్నట్ల ఉండాది."

మామ చెప్పింది నిజం. ఆట తేలికైంది. కానీ తేలికైనందువల్ల మూడో కొండ దాటగలిగాం, అక్కడ వాన కురుస్తుందని చూశాం. మొదటి భాగం లాంటి న్యాయం ఉంటే ఆ వాన మాకు కనపడేదే కాదు. అప్పటి నుంచి సీక్వెల్ అనేదాన్ని నేను ఇట్లాగే చూస్తాను. ఏం తీసుకుంది, దానికి బదులు ఏం చూపించింది అని.

ఆ సెలవులకు నన్ను బెంగుళూరులో పెద్దమ్మ వాళ్లింటికి పంపారు. అంగడి మొత్తం నాకు అప్పగింతలు పెట్టింది: రెండు నుంచి పది దాకా ఆడి రావాలి. నేను దిగిన మూడో రోజు నాకు అమ్మవారు పోసింది. మిగిలిన సెలవులన్నీ వేపాకుల మీద పడుకుని సీలింగ్ ఫ్యాను చూశాను. ఆ ఫ్యాను గురించి ఇప్పటికీ ఒక పుస్తకం రాయగలను.

తిరిగొచ్చేసరికి బస్టాండులో మామ నిలబడి ఉన్నాడు.

"రేయ్ అల్లుడా, సిక్కిపోయినావే. సరే, అదుండనీ. ఆడ ఉండాయా?"

"ఏంటివి మామా?"

"రెండు నుంచి పది."

ఆయన ముఖం చూశాను. మండీ పని అయిపోగానే పరిగెత్తి వచ్చినట్టుంది, చొక్కా మీద చాక్‌పీసు పొడి అట్లాగే ఉంది. అమ్మవారు పోసింది, ఏమీ చూడలేదు అని చెప్పొచ్చు. రెండు మాటల పని. నా నోట్లోంచి ఒకటే వచ్చింది.

"ఉండాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఆడినావా?"

"ఆడినా మామా."

ఆయన నా సంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. అంతకుముందు నా సంచీ ఎప్పుడూ మోయలేదు.

తొమ్మిది రోజులు, రోజుకొక భాగం. మండీ పని అయ్యాక ఖాళీ గంపల పక్కన కూర్చుని నేను చెప్పేది, మామ వినేది. రెండులో వంతెన కూలిపోతుంది. మూడులో గంపోడికి గుర్రం దొరుకుతుంది. నాలుగులో ఆ గుర్రం తప్పిపోతుంది, ఎందుకంటే పదకొండులో గుర్రం లేదని రెండో రోజు రాత్రి నాకు గుర్తొచ్చింది. నాలుగో రోజుకు నా బుర్రలో సరుకు అయిపోయింది. కలపడానికి ఏమీ లేక, ఉన్నదాన్ని తీసేశాను.

"అయిదులో గంప ఉండదు మామా."

"గంప లేకుండా గంపోడేమిరా?"

"మొదట్లోనే ఎవరో ఎత్తుకపోతారు. ఇంక రెండు చేతులే. చేతికి ఒక కాయ. మూడోది కావల్లంటే ఒకటి కింద పెట్టాల."

మామ ఖాళీ గంపను పక్కకు జరిపి, తన రెండు చేతులూ చూసుకున్నాడు. దొరికిపోయాననుకున్నాను.

"అంటే," అన్నాడు మెల్లగా, "ఏది పెట్టేసేది, ఏది పట్టుకునేది, మనమే సూసుకోవల్ల."

"అవును మామా."

"యాడ పెట్టినామో గుర్తుండల్ల."

"అవును."

"అబ్బ! ఎవడు కనిపెట్టినాడో గానీ, వాడు మనిషిరా."

ఆ మనిషి అప్పుడు మోకాలి మీద ఎండిపోయిన పొక్కు గిల్లుకుంటున్నాడు.

ఆ తర్వాత చెప్పిన అయిదు భాగాలూ మామకు ఆనలేదు. ఏడు పర్వాలేదన్నాడు. తొమ్మిది చెత్త అన్నాడు. "అయిదు తీసినోళ్లు ఇట్ల ఎట్ల తీసినారో," అని బాధపడ్డాడు. నాకు నిజంగానే సిగ్గేసింది.

ఆరో తరగతిలో లెక్కల సారు బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి, ఇది ఎంత అని అడిగాడు. నేను అందరికంటే ముందు లేచి, పదకొండు సార్ అన్నాను.

"ఏ మండీలో చదివినావప్పా?" అన్నాడు సారు. ఊరికే అన్నాడు. ఆయనకేం తెలుసు.

తరగతి నవ్వింది. సారు గీతల కింద "రెండు" అని రాసి, రోమన్ అంకెలు మొదలుపెట్టాడు. నేను కూర్చున్నాను. మధ్యలో ఏ భాగమూ పోలేదు. మాకు వచ్చింది రెండో భాగమే. నేను తొమ్మిది భాగాలు ఆడి వచ్చింది, లేని చోటు నుంచి. ఈ నిజం ఇప్పుడు మామకు చెప్పాలంటే రెండు చెప్పాలి. నేను అబద్ధమాడానని ఒకటి, నువ్వు అంకె తప్పు చదివావని ఇంకొకటి. మొదటిదానికి ఆయన కొడతాడు. రెండోది, జీవితమంతా అంకెలు వేసి బతికేవాడికి చెప్పే మాటేనా? చెప్పలేదు. పదో తరగతి దాటాక కూడా ఆ పని మీదే ఉన్నాను, చెప్పకుండా ఉండటం అనే పని మీద.

ఆ మధ్య వేరే ఆటలూ వాటి వెనక భాగాలూ చాలా చూశాం. క్రికెట్టు ఆట ఏడాదికొకటి వచ్చేది. చొక్కాల రంగు మారేది, గ్రౌండు చుట్టూ జనం కొంచెం లావయ్యేవారు. అంపైరు మాత్రం అదే మనిషి, అదే చెయ్యి, అదే వేగంతో ఎత్తేవాడు. ఏటా కొత్తది అని అమ్మే ఈ ఆటలను తిట్టేవాళ్లు చాలామంది. నేను తిట్టను. ఏటా అదే అంపైరును చూస్తే ఇంటికి వచ్చినట్టుండేది. కార్ల ఆటలో మొదటి భాగంలో ఎంత గుద్దినా కారుకు గీత పడదు. రెండో భాగంలో అద్దం పగిలింది. అద్దం పగిలాక అంగట్లో పిల్లలంతా బ్రేకు వేయడం నేర్చుకున్నారు. దాన్ని మించిన రెండో భాగం నేను చూడలేదు అందామనుకుంటాను గానీ, మా మామ వింటే అయిదో భాగం సంగతి ఎత్తుతాడని భయం.

మామకు పుంగనూరు సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక అక్కడే అంగడి పెట్టాడు. అప్పటికి మండీల్లోకి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చేశాయి, గంపలు తగ్గిపోయాయి. మామ ఆ క్రేట్లే అమ్మడం మొదలుపెట్టాడు. గంపల మీద ఆయనకు ఎంత ప్రేమో నాకు తెలుసు కాబట్టి బాధగా ఉందా అని అడిగాను. "క్రేటు ఒకదాని మీద ఒకటి బాగా నిలబడతాదిరా," అన్నాడు. సీక్వెల్ గురించి ఇంత సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఇంటర్ సెలవులకు పుంగనూరు పోయినప్పుడు ఆయన అంగడి ఎదురుగానే కంప్యూటర్ సెంటర్ ఉంది. పొద్దున టైపింగ్ నేర్పేవాళ్లు, మధ్యాహ్నం ఆటలు. ఒకరోజు మామ నన్నూ అత్తనూ పిలిచి అక్కడ కూర్చోబెట్టాడు. తెర మీద కొత్త గంపోడు. పక్కన మూడు నిలువు గీతలు.

మామ ముఖంలో రంగు పోయింది.

"నూటపదకొండు."

నేను నేల చూశాను.

"రేయ్ అల్లుడా! నూరు భాగాలురా! నేను ఈడ పెండ్లి చేసుకోని, అంగడి పెట్టుకోని కూసుంటే నూరు భాగాలు అయిపోయినాయి!"

"పెండ్లి నా కోసమా చేసుకునింది?" అంది అత్త.

"నీకు తెలీదులేమ్మే. వీడన్నా చూసుంటాడు. చూసినావేమిరా?"

అదే సమయం. చెప్పేయొచ్చు. నూరు భాగాలు కొత్తగా తయారుచేసే ఓపిక కూడా నాకు లేదు. కానీ అత్త అక్కడే ఉంది. కొత్తగా పెళ్లైన మనిషిని భార్య ముందు, మూడు గీతలంటే మూడే మామా అని ఎట్లా అంటాం?

"బెంగుళూరులో కూడా దొరకలేదంట మామా," అన్నాను. అబద్ధాల్లో నా రెండో భాగం అది. మొదటిదాని అంత బాగాలేదు.

అది మూడు వైపులకూ తిరిగే త్రీడీ ఆట. గంపోడి వీపును మొట్టమొదటిసారి దగ్గరగా చూశాం. గంప లేదు. రెండు ఇనుప గొట్టాలు, కింద మంట.

"వీనికి గ్యాస్ సిలిండర్ కట్టినారు యాల?" అంది అత్త.

మొదటి నుంచీ అది గంప కాదు, ఎగిరే యంత్రం. ఎర్రవి టమోటాలు కావు, ఏవో మెరిసే రాళ్లు. మామ ఆ తెరను, చుట్టాలింట్లో తన పేరు తప్పు పలికితే చూసినట్టు చూశాడు. కానీ అరగంట దాకా లేవలేదు. ఆటలో ఎండ ఉంది. పొద్దు తిరిగేకొద్దీ బండల నీడలు నేల మీద సాగేవి. మామ శత్రువులను వదిలేసి, గంపోడిని బండల మధ్య ఊరికే నడిపించాడు. ఒక గుట్ట ఎక్కించి నిలబెట్టాడు.

"తంబళ్లపల్లె మాదిరే ఉండాది," అన్నాడు. "గొర్రెలు లేవంతే."

దానిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. కథేమిటో ఎవరూ చెప్పరు. వాడు నడుస్తాడు, గాలి వీస్తుంది. ఇంత ధైర్యంగా మౌనాన్ని నమ్ముకున్న ఆట ఇంకోటి లేదని నేను తర్వాత కుప్పంలో, ఇంజనీరింగ్ హాస్టల్లో, వారం రోజులు వాదించాను. హొసూరు నుంచి వచ్చిన నా గదివాడు ఓపిగ్గా విని, తన కంప్యూటర్లో అసలు సీడీ పెట్టి చూపించాడు. పుంగనూరులో మేం చూసింది, చోటు సరిపోక మాటలు, సినిమా ముక్కలు అన్నీ కత్తిరించేసిన దొంగ కాపీ. అసలు ఆటలో గంపోడు నోరు మూయడు. గుంట దూకితే జోకు, పడితే జోకు. నేను అర్ధగంట విని స్పీకరు ఆపేశాను. ఆపేస్తే మళ్లీ గొప్ప ఆటే. ఈ విషయంలో ఆట తీసినవాళ్ల కంటే కత్తిరించినవాళ్లకే కళ ఎక్కువని నా అభిప్రాయం. గదివాడు మాత్రం నాతో ఆటల గురించి మాట్లాడటం మానేశాడు. మూడుతోనే ఆ వరస ఆగిపోయిందనీ, నాలుగు రాలేదనీ చెప్పింది కూడా వాడే.

ఒక శనివారం పొద్దున మామ కుప్పంలో దిగాడు. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి ఇంకో బస్సు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. నన్ను నేరుగా రైల్వే స్టేషనుకు తీసుకుపోయి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టాడు. చేతిలో అప్పటికే రెండు టికెట్లు.

"యాడికి మామా?"

"బెంగుళూరుకు. ఆడ పాత క్యాసెట్లు అమ్మే అంగడి ఉండాదంట. క్రేట్ల కంపెనీ ఆయన సెప్పినాడు. యాడా దొరకనివి దొరుకుతాయంట."

"ఇప్పుడు యాల?"

"అయిదు తెచ్చుకుందారి. ఇన్నేండ్లు అడగని అంగడి లేదు. లోడు తీసకపోయిన ప్రతి ఊర్లో అడిగినా. కోలారులో అడిగితే నవ్వినారని నీకు అప్పుడే సెప్పినా. నా మాట ఎవరికీ అర్థం కాలే. నువ్వుంటే నువ్వు సెప్తావు. సూసినోడివి నువ్వొక్కడివే కదా."

రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. రైలెక్కి, బెంగుళూరులో దిగి, అంగడి ముందు నిలబడి, ఆ అంగడివాడి నోటితో చెప్పించడం ఒక పద్ధతి. ఆయనను వేరేవాళ్ల ఎదుట నిలబెట్టడం ఒకసారి నావల్ల కాలేదు, ఇప్పుడూ కాదు.

"మామా, అయిదు లేదు."

"దొరకదంటావా?"

"దొరకడం కాదు. తీయలేదు. ఎవరూ తీయలేదు. నేను సెప్పిండేది అంతా నేనే అల్లినా. ఆ సెలవుల్లో నాకు అమ్మవారు పోసింది. ఒక్క ఆటా ఆడలేదు."

మామ నన్ను చూడలేదు. పట్టాలు చూశాడు.

"పదకొండు వచ్చింది కదరా. పది లేకుండా పదకొండు ఎట్లొచ్చె?"

ఇక రెండోది కూడా చెప్పాల్సి వచ్చింది. "అది రోమన్ అంకె మామా. రెండు గీతలంటే రెండే. మూడు గీతలంటే మూడు."

"రెండు గీతలంటే పదకొండురా," అన్నాడు మామ. గట్టిగా కాదు. తర్వాత ప్లాట్‌ఫారం గడియారం వైపు చూశాడు. పన్నెండు దగ్గర, ఒకటి దగ్గర, రెండు దగ్గర ఏముందో నేనూ చూశాను. మామూలు అంకెలే ఉన్నాయి. గడియారం కూడా నాకు సాయం చేయలేదు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆరో తరగతి."

"ఇన్నేండ్లా," అన్నాడు. "కోలారులో నవ్వినారని సెప్పినా కదరా నీకు. అప్పుడు కూడా సెప్పాలనిపించలేదా?"

అనిపించింది అన్నాను. అది నిజమే గానీ, ఆ బెంచీ మీద ఆ మాట విలువ ఏమీ లేకుండా వినిపించింది. ఆయన లేచి, కొళాయి దాకా పోయి, ముఖం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తడుపుకుని వచ్చాడు. నాకు ఒక మనిషి స్థలం వదిలి కూర్చున్నాడు. జోకు వేయడానికి నోరు తెరిచి మూసుకున్న సందర్భం నా జీవితంలో అదొక్కటే.

రైలు వచ్చింది. మామ లేచి ఎక్కాడు. నేను ఎక్కాలో లేదో తెలియక కింద నిలబడ్డాను.

"ఎక్కు," అన్నాడు. "టికెట్టు ఉండాది కదా."

గుడుపల్లె దాటేదాకా ఆయన కిటికీ బయటే చూశాడు. బండలు, బోరు దగ్గర కాసింత పచ్చదనం, మళ్లీ బండలు. దగ్గరవి గబగబా, దూరానివి నింపాదిగా. అప్పుడు ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"తొమ్మిది కూడా నువ్వేనా?"

"నేనే మామా."

"సెత్తరా అది."

"తెలుసు మామా."

"సరే. అయిదులో ఒకటి అడగల్ల నిన్ను. రెండో కొండకాడ నిచ్చెన ఉండాదని సెప్పినావు. రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకోని వాడు నిచ్చెన ఎట్ల ఎక్కినాడు?"

నిచ్చెన ఉందని చెప్పినట్టు నాకు గుర్తే లేదు.

"ఇన్నేండ్లు అది నాకు తలలో తిరగతానే ఉండాది," అన్నాడు. "కంపెనీవాళ్లు కదా, శానా సదువుకున్నోళ్లు, ఏదో ఆలోచించి పెట్టుంటారులే అని ఊరుకున్నా. నువ్వంటే ఊరుకోను. సెప్పు."

"నిచ్చెన తీసేద్దాం మామా."

"తీసేసేది లేదు. ఎట్ల ఎక్కినాడో సెప్పు."

బిసానత్తం వచ్చింది, పోయింది. కాయలు జేబులో వేసుకున్నాడంటే ఒప్పుకోలేదు, జేబుంటే ఇంకా చేతులెందుకన్నాడు. పైకి విసిరేశాడంటే, టమోటాను విసిరేవాడు మండీ ఎప్పుడూ చూడనివాడు అన్నాడు.

"ఒకటి నోట్లో కరుచుకుంటాడు," అన్నాను చివరికి. "ఒక చెయ్యి ఖాళీ అవుతాది. దాంతో ఎక్కుతాడు."

"కరిస్తే పగలదా?"

"బటన్ గట్టిగా నొక్కితే పగులుతాది. మెల్లగా పట్టుకోని ఉండల్ల, పైకి పోయేదాకా."

మామ కిటికీ అంచు మీద బొటనవేలు ఆనించాడు. మెల్లగా నొక్కాడు. అట్లాగే ఉంచి, కళ్లు చిన్నవి చేసి, లోపల ఎక్కడో వాడిని ఒక్కొక్క మెట్టే ఎక్కించాడు. సగంలో రైలు కుదిపింది. ఆయన నాలుక చప్పరించి వేలు తీసేశాడు.

"పగిలిపోయె," అన్నాడు. "శానా కష్టముండాదిరా ఇది."

"నాలుగైదుసార్లన్నా చస్తాం మామా."

"అట్లనే ఉండనీ," అని మళ్లీ వేలు ఆనించాడు.